ఏడో నంబరు మిషను

పెరంబూరు, పేపర్ మిల్స్ రోడ్డు.
మందుల షాపు మీద మొదటి అంతస్తు, పది మిషన్లు,
గంటకి నలభై రూపాయలు, చెప్పులు బయట.
షట్టరు సగం దించి కూర్చున్నాను.
మే నెల. రాత్రి పదకొండు దాటినా
గోడ మీద చెయ్యి పెడితే పెనం.

ఏడో నంబరు మీద ఫిర్యాదు పాతదే.
"అక్కా, నేను తిరిగేలోపు వాడు కాల్చేస్తున్నాడు,
వాడు నన్ను చూశాక గానీ నాకు వాడు కనపడడు."
ఆల్విన్ గాడికి పద్నాలుగేళ్ళు.
ఓడిన ప్రతిసారీ లెక్క అప్పజెబుతాడు:
సెకనుకి ఇరవై రెండు ఫ్రేములేనక్కా, అరవై ఉండాలి.
తక్కిన ముప్ఫై ఎనిమిదీ
నేనే కొంగున ముడేసుకున్నట్టు చూస్తాడు.

రిచీ స్ట్రీట్ జబ్బార్ భాయ్ కొత్త కార్డు వెయ్యమన్నాడు,
పద్దెనిమిది వేలు.
నా మొహం చూసి పెన్ డ్రైవు చేతిలో పెట్టాడు.
"ముందు ఓఎస్ మార్చి చూడమ్మా.
ఇల్లు చిన్నదై కాదు, చుట్టాలు ఎక్కువై."

నిజమే. తెరిచి చూస్తే లోపల సంత.
ఎప్పుడో అమ్మేసిన ప్రింటరు కోసం
ఇంకా గుమ్మంలో నిలబడ్డ పని ఒకటి,
గడువు తీరినా నిమిషానికోసారి దగ్గే యాంటీవైరస్సు,
ఎవరూ అడగని వాన కబురు,
అందరూ వెనకాల, కనపడకుండా,
తలా ఒక ముద్ద తింటున్నారు.

ఏ భాష, అని అడిగింది ముందు.
జాబితాలో తెలుగూ ఉంది.
ఇంట్లో మాట్లాడేదే గానీ బళ్ళో అరవం చదివినదాన్ని,
నేను అక్షరం కూడబలుక్కునేలోపు
ఆల్విన్ గాణ్ణి నాలుగుసార్లు కాల్చేస్తారు.
ఇంగ్లీషే నొక్కాను.
అన్నీ చెరిపేయాలా, అంది.
అవునన్నాను.
మళ్ళీ అడిగింది.
ఈ మధ్య నన్నెవరూ ఇంత మర్యాదగా
రెండుసార్లు అడిగింది లేదు.

తర్వాత శాతాలు.
పదకొండు. పన్నెండు.
పన్నెండు దగ్గర కూర్చుంది,
విడిదింట్లో అలిగిన వియ్యపురాలిలా.
ఆ ఖాళీలో నా వెనకాల నడిచేవి వినపడ్డాయి:
ఓనరు అడ్వాన్సు పెంచుతానన్నది,
ఎడమ మోకాలు,
చెల్లెలు సుకన్యతో మాటల్లేని పదహారు నెలలు.
ఏ పని చేస్తున్నా ఇవి తమ వాటా తీసుకుని
నాకు మిగిల్చేదీ ఆ ఇరవై రెండే కాబోలు.
వీటికి టిక్కు తీసేసే పేజీ ఎక్కడుందో
జబ్బార్ భాయ్‌ని అడగడం మరిచాను.

అరవై మూడు దగ్గర కరెంటు పోయింది.
యూపీఎస్ కూత మొదలు. దాని ప్రాణం పావుగంట.
దానికి మిగలనీ అని మానిటరు ఆర్పేశాను.
చీకట్లో డిస్కు చప్పుడొక్కటే,
చేటలో బియ్యం చెరుగుతున్నట్టు.
ఎదురింటి మేడ మీద ఎవరో చాప దులిపారు.
తొమ్మిదో నిమిషాన వీధి దీపం వెలిగితే
దాని మీదున్న పురుగులకి కూడా దణ్ణం పెట్టాను.

రెండున్నరకి, రెండో డిస్కులోని పిల్లల ఆట పెట్టాను.
మూలన అంకె: యాభై ఎనిమిది. అరవై. యాభై తొమ్మిది.
నా కాళ్ళు నేలకి ఆనాలని కుర్చీ దించుకున్నాను.
తొమ్మిదేళ్ళుగా గంటలు లెక్కపెట్టానే గానీ
ఒక్కసారీ ఆడలేదు.
తుపాకీ పట్టడం తెలీదు, నడవడమొక్కటే వచ్చింది,
కొండ దిగి ఏటి ఒడ్డుకి పోయాను.
ఇన్నాళ్ళూ పిల్లల భుజాల మీంచి చూసిన గడ్డి
నత్తివాడి మాటలా ఆగి ఆగి ఊగేది.
ఇప్పుడు ఈ కొసన మొదలైన గాలి
ఆ కొస దాకా తెగకుండా వెళ్ళింది.
నిలబడి చూస్తున్నాను.
ఎవడో వెనకనించి కాల్చాడు.

పడిపోవడం కూడా ఎంత నున్నగా పడ్డానో!
నవ్వొచ్చింది. మళ్ళీ పెట్టాను.
మళ్ళీ ఏటి ఒడ్డుకే.

సాయంత్రం బడి బ్యాగు దించకుండానే
ఆల్విన్ గాడు ఏడో నంబరుకి పరిగెత్తాడు.
అరవై ఫ్రేముల మీద ఓడిపోయాడు.
మూలనున్న అంకెని చాలాసేపు చూశాడు,
దాన్ని ఏమీ అనలేక.
తర్వాత నా వైపు తిరిగి:

"అక్కా, ఈ కుర్చీ ఎవరు దించారు?"